సందర్భం రాయండి, శకుంతలని వదిలేయండి

తెలుగు పరీక్షలో సందర్భసహిత వ్యాఖ్యలని కొన్ని ప్రశ్నలుంటాయి. ఒక వాక్యం ఇస్తారు. అది ఏ కవిది, ఏ కావ్యంలోది, ఎవరు ఎవరితో ఎప్పుడన్నారు, భావమేమిటి అన్నది రాయాలి. నిజానికి సాహిత్య విమర్శ మొదలవ్వాల్సింది ఇక్కడే. మన పిల్లలకి అది ముగిసిపోయేదీ ఇక్కడే.

నన్నయ ఆదిపర్వంలోని నూతులూ బావుల పద్యం మనలో చాలామంది బట్టీ పట్టిందే. నూరు నూతుల కంటె ఒక బావి, నూరు బావుల కంటె ఒక యజ్ఞం, నూరు యజ్ఞాల కంటె ఒక కొడుకు, నూరుగురు కొడుకుల కంటె ఒక సత్యవాక్యం మేలని. ఉదయగిరిలోనూ ఆత్మకూరులోనూ తెలుగు చెప్పిన ఏళ్లలో దీనిమీద నేను దిద్దిన జవాబులన్నీ ఒకటే. శకుంతల దుష్యంతుడితో అన్నది, సత్యం గొప్పదని భావం. గైడులో ఉన్నది అంతే. దానికి పూర్తి మార్కులు!

ఆమె ఆ మాట ఎక్కడంది? నిండు కొలువులో, కన్నకొడుకుని ఎదుట పెట్టుకుని. ఎవరితో? గాంధర్వ వివాహం చేసుకుని, పుట్టేవాడికి రాజ్యమిస్తానని మాటిచ్చి, ఇప్పుడు నువ్వెవరో తెలీదంటున్న మొగుడితో. కాళిదాసు నాటకంలోలాగా ఇక్కడ శాపం లేదు, ఉంగరం లేదు, మరుపూ లేదు. అన్నీ గుర్తుండే బొంకుతున్నాడు. అలాంటివాణ్ణి పట్టుకుని సత్యమే వ్రతంగా గలవాడా అని పిలుస్తుందామె! ఆ ఎత్తిపొడుపు వినబడని చెవులకి పద్యంలో ఇంకేం వినబడినట్టు? నిలదీత కాస్తా నీతివాక్యమైపోయింది. చివరికి ఆకాశవాణి సాక్ష్యం చెప్తేగానీ ఆయన ఒప్పుకోలేదు. లోకం ఏమంటుందోనని అలా అన్నానన్నాడు. (మన ఆడపిల్లలకి ఆకాశం పలకదు. పెళ్లి ఫోటో తెమ్మంటారు, డీఎన్ఏ పరీక్ష అంటారు.)

మెట్ట పిల్లలు, గైడు లేకపోతే ఫెయిలవుతారు అంటారు తోటి అధ్యాపకులు. ఈ పద్యం మెట్ట పిల్లలకి కాక ఇంకెవరికి తెలుస్తుంది? ఆత్మకూరు వైపుకి సోమశిల నీళ్లన్నా ఉన్నాయి. ఉదయగిరి పల్లెల్లో బిందె పట్టుకుని నడిచేది ఆడపిల్లలే, కొన్ని ఊళ్లలో అవీ ఫ్లోరైడు నీళ్లే. “నుయ్యేంది, బావేంది మేడం, రెండూ ఒకటేగా?” అని క్లాసులో అడిగిందొక పిల్ల. నూతికి చేంతాడు కావాలి, దిగుడుబావిలోకి మెట్లు దిగి ఎవరైనా దోసిలితో తాగొచ్చు, అందుకే అది మేలు అని చెప్పాను. “అయితే కూతురు ఏ మెట్టు మీదుంది మేడం?” అంది వెంటనే.

ఇంతకు మించిన వ్యాఖ్య ఏ గైడులో ఉంది? ఈ మాట అనాల్సిన గతి ఆమెకెందుకు పట్టిందని ప్రశ్నపత్రంలో ఒక్క ముక్క కలపడానికి ఖర్చేమీ కాదు. కలపరు. కలిపితే పేపర్లు దిద్దేవాళ్లు ప్రతి జవాబూ చదవాల్సి వస్తుంది. ఆ పిల్ల రేపు పరీక్షలో అదే ప్రశ్న రాసి, సత్యం గొప్పదన్న వాక్యం రాయడం మర్చిపోతే ఎన్ని మార్కులేస్తారు? మూల్యాంకన సూచనలు రాసేవాళ్లు ముందు అది చెప్పాలి.