మూడో సంచికలోని గని

బాలల దినోత్సవం రోజున బడి వేదిక మీదికి నెహ్రూ కోటు, ఝాన్సీరాణి కత్తి, అల్లూరి విల్లంబులతో పాటు ఇప్పుడు స్పైడర్‌మ్యాన్ ముసుగు, సూపర్‌మ్యాన్ ఎర్ర కండువా కూడా ఎక్కుతున్నాయి. మన వీరులు చాలరా అని కొందరు పెద్దలు నొచ్చుకుంటారు. మాకు ఆ ముసుగుల మీద కోపం లేదు. పిల్లవాడు ఎవరి వేషం కట్టినా, ఆ వీరుడికి శక్తి ఎక్కడి నుంచి వచ్చిందో వాడికి తెలియాలన్నది మా కోరిక. కర్మాగారాల నడుమ పెరిగే అచ్యుతాపురం పిల్లలకైతే మరీ తెలియాలి. ఎందుకంటే ఆ పుట్టుక కథల్లో చాలావాటికి మూలం ఒక రసాయనమో, ఒక రేడియేషనో, ఒక పేలుడో.

అమెరికా కామిక్స్‌లో 1956లో వచ్చిన కొత్త ఫ్లాష్ కథలో పోలీసు ప్రయోగశాల మీద పిడుగు పడుతుంది. సీసాల్లోని రసాయనాలు బ్యారీ అలెన్ ఒంటి మీద చిందుతాయి, అతనికి మెరుపువేగం వస్తుంది. 1962లో గామా కిరణాల బాంబు పేలి బ్రూస్ బ్యానర్ హల్క్ అవుతాడు. అదే ఏడాది ఆగస్టు సంచికలో రేడియేషన్ సోకిన సాలీడు పీటర్ పార్కర్‌ను కుడుతుంది, అతను స్పైడర్‌మ్యాన్ అవుతాడు. 1964లో వచ్చిన డేర్‌డెవిల్ కథ మరీ దగ్గరిది. లారీ కింద పడబోతున్న ముసలాయన్ని ఒక కుర్రాడు పక్కకు తోసేస్తాడు. లారీలోంచి ఎగిరిపడ్డ రేడియోధార్మిక పదార్థం తగిలి వాడి కళ్లు పోతాయి. బదులుగా మిగిలిన ఇంద్రియాలకు ఎక్కడలేని శక్తి వస్తుంది. అణుబాంబు భయంతో బతుకుతున్న అమెరికా తన పిల్లలకు చెప్పుకున్న ఊరట కథలివి. పేలినా పరవాలేదు, పేలుడులోంచి కూడా మేలు పుడుతుందని ఆ దేశం తనకు తాను చెప్పుకుంది.

ఆ ఊరటను ఇక్కడికి తెచ్చుకోలేం. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి ఊరి మీదికి వచ్చి 12 మందిని బలితీసుకుంది. 2022 జూన్‌లో ఒకసారి, ఆగస్టులో మరోసారి అచ్యుతాపురం ప్రత్యేక ఆర్థిక మండలి (సెజ్)లో విషవాయువు పీల్చి, బట్టలు కుట్టే ఆడపిల్లలు పెద్ద సంఖ్యలో వాంతులతో కుప్పకూలారు. 2024 ఆగస్టు 21 మధ్యాహ్నం భోజనాల వేళ అదే సెజ్‌లోని ఎసెన్షియా ఫార్మా కర్మాగారంలో ద్రావకం లీకై పేలింది. 17 మంది చనిపోయారు. వాళ్లలో చదువు ముగించి ఉద్యోగంలో కుదురుకుంటున్న కుర్రాళ్లూ ఉన్నారు. రసాయనం తాకిన వాళ్లలో ఎవరికీ గోడలు ఎక్కే శక్తి రాలేదు. సెజ్ బస్సు ఎక్కిన అమ్మ కోసమో అన్న కోసమో గుమ్మంలో ఎదురుచూసే పిల్లలున్న ఊరు అచ్యుతాపురం. పేలుడులోంచి వీరుడు లేచి వస్తాడన్న కథను ఆ పిల్లలకు ఏ వివరణా లేకుండా వదిలెయ్యడం తప్పు.

తెలుగువాళ్లు ఈ కథలను ఉన్నవున్నట్టు ఎప్పుడూ తీసుకోలేదన్నది గమనించాల్సిన సంగతి. 1980లో ఎన్.టి. రామారావు సూపర్‌మ్యాన్‌గా తెర మీదికి వచ్చారు. దుస్తులు హాలీవుడ్‌వే, శక్తి మాత్రం క్రిప్టాన్ గ్రహం నుంచి రాలేదు, ఆంజనేయుడు ఇచ్చాడు. నలభై నాలుగేళ్ల తరువాత 2024 సంక్రాంతికి వచ్చిన ప్రశాంత్ వర్మ ‘హనుమాన్’లోనూ అంతే, అంజనాద్రి కుర్రాడికి బలం హనుమంతుడి రక్తబిందువులోంచి పుట్టిన మణి వల్ల వస్తుంది. ప్రమాదం వల్ల శక్తి పుడుతుందంటే మన మనసు ఒప్పుకోలేదు. అడిగితేనో, తపస్సు చేస్తేనో, ఎవరో ఇస్తేనో రావాలి. ఇచ్చినదానికి ఒక షరతూ ఉండాలి. హనుమంతుడి విషయంలో ఆ షరతు మునుల శాపం. తన బలం తనకు గుర్తుండదు, జాంబవంతుడు గుర్తు చేస్తే తప్ప సముద్రం దాటలేడు.

నరసింహస్వామి కొలువున్న సింహాచలం కొండ ఇంకో పాఠం చెబుతుంది. హిరణ్యకశిపుడు అడిగిన వరం చూడండి. మనిషి చేతా మృగం చేతా చావకూడదు, ఇంటా బయటా కూడదు, పగలూ రాత్రీ కూడదు. అన్నీ ఆలోచించానని, తనకిక ముప్పు లేదని అనుకున్నాడు. అతను వదిలేసిన సందులోంచే నరసింహుడు వచ్చాడు. అన్ని అనుమతులూ ఉన్నాయి, అన్ని తనిఖీలూ అయ్యాయి అని చెప్పే ప్రతి కర్మాగారం గేటు దగ్గరా ఈ కథ చెప్పాలనిపిస్తుంది. ఆ స్వామి ఉగ్రాన్ని చల్లార్చడానికి ఏడాదంతా చందనం కప్పి ఉంచుతారు. వైశాఖ శుద్ధ తదియ ఒక్కనాడే నిజరూప దర్శనం. దేవుడిదైనా సరే, శక్తికి పైన చల్లని పూత ఉండాలని ఈ ప్రాంతం వందల ఏళ్లుగా ఆచరిస్తూ వస్తోంది.

అల్లూరి సీతారామరాజు పుట్టిన పాండ్రంగి కూడా ఈ విశాఖ సీమలోదే. ఆయనకు తుపాకి గుండు తగలదని మన్యం నమ్మింది. సినిమాలు ఆ నమ్మకాన్ని ఇంకా పెంచాయి. కానీ ఆయన పోరాటానికి మూలం వెతికితే మంత్రం కనిపించదు, పని కనిపిస్తుంది. 1882 మద్రాసు అటవీ చట్టం పోడును కట్టడి చేసింది. నర్సీపట్నం నుంచి లంబసింగికి వేసే రోడ్డు పనిలో గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ గిరిజనుల చేత చాకిరీ చేయించి కూలి ఎగ్గొట్టాడు. సీతారామరాజు 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడి చేసి తుపాకులు పట్టుకెళ్లినప్పుడు, ఏమేం తీసుకెళ్తున్నాడో స్టేషన్ డైరీలో రాసి సంతకం పెట్టాడు. గుండ్లు తగలని దేహం కంటే ఆ సంతకం మాకు గొప్పగా కనిపిస్తుంది. 1924 మే 7న కొయ్యూరులో గుండ్లు తగిలాయి, ఆయన మరణించాడు. ఆ సంతకం చేసిన తెగువ మాత్రం మన్యం జ్ఞాపకంలో చెక్కుచెదరలేదు.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. సూపర్‌మ్యాన్‌ను సృష్టించిన జెర్రీ సీగల్, జో షుస్టర్ క్లీవ్‌లాండ్ నగరంలో వలస వచ్చిన యూదు కుటుంబాల పిల్లలు. సీగల్ తండ్రి పాతబట్టల దుకాణం నడిపేవాడు. 1932లో దుకాణంలో దొంగతనం జరిగిన రాత్రి అక్కడే గుండె ఆగి చనిపోయాడు. దేశమంతా ఆకలి, నిరుద్యోగం. ఆ కుర్రాళ్లిద్దరూ తమ వీరుడి హక్కులను 130 డాలర్లకు అమ్ముకున్నారు. 1938 జూన్ నెల పేరుతో ‘యాక్షన్ కామిక్స్’ మొదటి సంచిక వచ్చింది. సూపర్‌మ్యాన్ కారు ఎత్తిన ఆ ముఖచిత్రం అందరికీ తెలుసు. అదే ఏడాది ఆగస్టు నాటి మూడో సంచిక గురించి ఎవరూ మాట్లాడరు.

ఆ కథ ఒక బొగ్గుగనిది. గని కుప్పకూలి ఒక కార్మికుడు లోపల చిక్కుకుంటాడు. సూపర్‌మ్యాన్ గని కూలీ వేషంలోనే దిగి బయటికి తెస్తాడు. ఆ కార్మికుడు జీవితాంతం కుంటివాడవుతాడు. గనికి ప్రమాదముందని నెలల ముందే చెప్పాం, ఇష్టం లేకపోతే పని మానేసి పొమ్మన్నారని అతను విలేఖరి క్లార్క్ కెంట్‌తో చెబుతాడు. యజమానిని అడిగితే నిర్లక్ష్యంగా బదులిస్తాడు. ఆ రాత్రి యజమాని ఇంట్లో విందు. సరదాగా గని చూద్దామని అతిథులతో కలిసి లోపలికి దిగుతాడు. వాళ్లలో కలిసిపోయిన సూపర్‌మ్యాన్ దారి కూల్చేస్తాడు. ప్రాణభయంతో యజమాని ప్రమాద ఘంట మోగించబోతాడు. అది తుప్పుపట్టి ఉంటుంది. తన గనిలోని ఘంట మోగదని అతనికి అప్పుడే తెలుస్తుంది. పారలు పట్టి తవ్వి, చేతకాక చతికిలబడ్డాక, గని కార్మికుల బతుకు ఏమిటో అర్థమవుతుంది. తన గనిని దేశంలోకెల్లా సురక్షితమైనదిగా చేస్తానని మాట ఇస్తాడు.

ప్రపంచానికి సూపర్‌హీరోను ఇచ్చిన ఇద్దరు పేద కుర్రాళ్లు మూడో నెలలోనే రాసింది పారిశ్రామిక భద్రత కథ. అందులో రాక్షసుడు లేడు, మరో గ్రహం నుంచి వచ్చిన శత్రువు లేడు. విననివాడూ, చెప్పినా ఫలితం లేనివాడూ ఉన్నారు. తరువాత యుద్ధం వచ్చింది, వ్యాపారం పెరిగింది, సూపర్‌మ్యాన్ గనులు వదిలి గ్రహాలను కాపాడడానికి వెళ్లిపోయాడు. అది పెద్ద నష్టమని మా అభిప్రాయం.

ఆ కథలోని కార్మికుడి గోడు మన చట్టానికి భోపాల్ తరువాత గానీ తెలిసిరాలేదు. 1984 విషాదం తరువాత 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి కొత్త అధ్యాయం చేర్చారు. ప్రమాదకర పదార్థాల వివరాలు కార్మికులకూ, చుట్టుపక్కల జనానికీ చెప్పాలని 41-బి సెక్షన్ అప్పుడు వచ్చింది. ముంచుకొస్తున్న ప్రమాదం గురించి హెచ్చరించే హక్కు కార్మికుడికి ఇస్తూ 41-హెచ్ కూడా అప్పుడే చేరింది. జాంబవంతుడు గుర్తుచేసినట్టు ఎవరో ఒకరు గుర్తుచేస్తే తప్ప ఆ హక్కు చాలామందికి ఉన్నట్టే తెలియదు. కొత్తగా చేరిన కుర్రాడు సేఫ్టీ తరగతిలో సంతకం పెట్టి వచ్చేస్తాడు. ఏ ట్యాంకులో ఏముందో, సైరన్ మోగితే ఎటు వెళ్లాలో అతని ఇంట్లోవాళ్లకు చెప్పేవాళ్లు ఎవరు?

అందుకే ఈ బాలల దినోత్సవానికి మేము ఒక ప్రతిపాదన పెడుతున్నాం. బుజ్జాయి ‘డుంబు’ కామిక్ గీసిన భాష ఇది, చందమామను ఇంటింటికీ పంపిన భాష ఇది. బొమ్మల కథ గీయగల చెయ్యి మనకు కొరత కాదు. అచ్యుతాపురం, రాంబిల్లి బడుల పిల్లల కోసం ఒక కామిక్ రావాలి. అందులో నాయిక బట్టల కర్మాగారంలో కుట్టుపని చేసే ఒక అక్క కావచ్చు. వాసన తేడాగా ఉందని మొదట చెప్పేది ఆమే. చెప్పినందుకు ఉద్యోగం పోతుందని తెలిసీ చెబుతుంది. గాలి ఎటు వీస్తోందో చూసి దానికి అడ్డంగా జనాన్ని నడిపిస్తుంది. తడిబట్ట ముక్కుకు కట్టుకోమంటుంది, బావుల్లోకీ పల్లాల్లోకీ దిగొద్దంటుంది. ఖర్చు సెజ్ కంపెనీలు భరించాలి. రాసేది, గీసేది, ఏ పేజీలో ఏముండాలో నిర్ణయించేది మాత్రం ఉపాధ్యాయులూ కార్మికులే అయివుండాలి. చివరి అట్ట మీద బడి చుట్టూ ఉన్న కర్మాగారాల పటం, ఒక్కోదాంట్లో నిల్వ ఉండే రసాయనాల పేర్లు, పిల్లలకు నోటికి వచ్చేలా పెద్ద అంకెల్లో అత్యవసర సహాయ నంబరు 112 అచ్చువెయ్యాలి. ఆ పటానికి కావలసిన వివరాలు ఇమ్మని జిల్లా యంత్రాంగాన్నీ, ప్రతి కంపెనీనీ ఈ సంచిక ద్వారా అడుగుతున్నాం. ఏ కంపెనీ ఇచ్చిందో, ఏది ఇవ్వలేదో వచ్చే సంచికలో పేర్లతో సహా ప్రచురిస్తాం.