మన ఊళ్ళో మన రాళ్ళు

చెన్నపట్నపు పాతమాట ఒకటి మన పెద్దలకు జ్ఞాపకం ఉండే ఉంటుంది. ఎగ్మూరు మ్యూజియాన్ని ‘చచ్చిన కాలేజీ’ అనీ, పార్కుటౌను జంతుశాలను ‘బ్రతికిన కాలేజీ’ అనీ అనేవారు. బ్రతికిన కాలేజీ 1985లో వండలూరుకు తరలిపోయింది. 1851లో పుట్టిన చచ్చిన కాలేజీ మాత్రం పాంథియన్ రోడ్డులో స్థిరంగా ఉంది. మొన్న ఒక ఆదివారం మన సంఘ కుటుంబాలతో కలిసి దానితో మొదలుపెట్టి, ఊళ్ళోని చిత్రశాలలు చూసి వచ్చాము. దారి చూపినవారు మన సభ్యులే, చరిత్ర చెప్పి రిటైరైన ఒక మాస్టారు.

కంచు విగ్రహాల గదిలో తిరువాలంగాడు నటరాజు ఎదుట అందరూ చేతులు జోడించారు. అది తెలిసిన దేవుడు కనుక మాస్టారు చెప్పవలసిన పని లేకపోయింది. అమరావతి శిల్పాల గదిలోకి వచ్చేసరికి సందడి తగ్గిపోయింది. ఏం చూడాలో మాకెవరికీ తెలియలేదు.

మాస్టారు ఒక గుండ్రని పలక ముందు పిల్లలను నిలబెట్టి, “ఇందులో ఏనుగులెన్ని?” అని అడిగారు. “రెండు” అన్నారు పిల్లలు. “ఒక్కటే. బాగా చూడండి” అన్నారాయన. ఎడమవైపు మదమెక్కిన నాలగిరి వీధిలోపడి మనుషులను మట్టగిస్తోంది. మేడమీది కిటికీలలోంచి జనం తొంగి చూస్తున్నారు. భయంతో ఒక స్త్రీ పక్కవాణ్ణి పట్టుకుంది. కుడివైపు అదే ఏనుగు బుద్ధుడి పాదాల దగ్గర మోకరిల్లింది. దేవదత్తుడు పగబట్టి దానికి కల్లు పోయించి వదిలాడన్న కథ మాస్టారు తెలుగులో చెబుతుంటే, అంతవరకు ఫోన్లలో తలదూర్చిన పిల్లలు రాతికి దగ్గరగా జరిగారు. రెండువేల ఏళ్ళ కిందటి శిల్పి జరిగినదీ, జరగబోయేదీ ఒకే చక్రంలో ఇమిడ్చాడు. చెప్పేవారుంటే అర్థం కావడానికి రెండు నిమిషాలు చాలును.

ఈ రాయి చలువరాయి కాదు, పలనాటి సున్నపురాయి. అదే దానికి శత్రువైంది. పద్దెనిమిదో శతాబ్ది చివర వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడుగారు అమరావతిలో కొత్త పట్నం కడుతుండగా దిబ్బను తవ్వారు. కొన్ని పలకలు గోడలకూ మెట్లకూ పోయాయి, కొన్ని సున్నపు బట్టీలలో కాలిపోయాయి. మెకంజీ దొర ఆ రోజుల్లోనే చూసి, 1816లో మళ్ళీ వచ్చి బొమ్మలు గీయించాడు. 1845లో ఎలియట్ తవ్వించిన రాళ్ళు చెన్నపట్నం చేరి, ఆ తరువాత 1859లో ఓడెక్కి లండను పోయాయి. బ్రిటిష్ మ్యూజియంలో నేడు 120కి పైగా ఉన్నాయి. సీవెల్ 1877లోనూ, బర్జెస్ 1881-82లోనూ తవ్వించగా దొరికిన వాటిలో పెద్ద భాగం ఎగ్మూరుకు వచ్చింది. అప్పుడు అంతా ఒకే రాజధాని. 1953లో రాష్ట్రాలు వేరైనా రాళ్ళు ఇక్కడే ఉండిపోయాయి.

ఈ మాట వినగానే గుంటూరు జిల్లా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన ఒక పెద్దాయన, “మన సొత్తు, మన ఊరికి పోవలసిందే!” అని గొంతు పెంచారు. చాలామంది తలలూపారు. మేమూ ఊపాము. అప్పుడాయన మనుమరాలు, “తాతయ్యా, మీరు ఇదివరకు ఎన్నిసార్లు వచ్చారు?” అని అడిగింది. ఆయన నిజాయితీగలవారు. “నలభై ఏళ్ళుగా ఎగ్మూరులో రైలెక్కుతున్నానమ్మా. లోపలికి రావడం ఇదే మొదలు” అన్నారు. మాలో ఎవరూ నవ్వలేదు. తక్కిన చాలామందిదీ అదే లెక్క.

మధ్యాహ్నం పులిహోర, పెరుగన్నం ముగించి మెరీనాకు వెళ్ళాము. 1959లో నిలిపిన నలుగురు కూలీల కంచు విగ్రహానికి టిక్కెట్టు లేదు, తలుపు లేదు. దాన్ని మలచిన దేవీప్రసాద్ రాయ్ చౌధురి బెంగాలీ అయినా, 1929 నుంచి 1957 దాకా ఇక్కడి ఆర్ట్స్ స్కూలును నడిపిన వ్యక్తి. ఆయన శిష్యుడు కె.సి.ఎస్. పణిక్కర్ 1966లో ఇంజంబాక్కం ఇసుకలో చోళమండలం స్థాపించాడు. చిత్రకారులు బాటిక్ గుడ్డలు చేసి అమ్మిన డబ్బుతో కొన్న నేల అది. సాయంత్రం అక్కడికీ వెళ్ళాము. పణిక్కర్ శిష్యులలో మన రెడ్డెప్ప నాయుడు ఒకరు. జానపద బొమ్మల పోకడను చిత్రాలలోకి తెచ్చిన కె. శ్రీనివాసులు ఆర్ట్స్ స్కూలులో చదివినవారే. ఈ ఇద్దరు తెలుగువారి పేర్లూ మన పిల్లలు ఆరోజే మొదటిసారి విన్నారు. తప్పు పిల్లలది కాదు.

రాళ్ళు ఎక్కడుండాలన్న ప్రశ్న చిన్నది కాదు. దాన్ని పెద్దలూ ప్రభుత్వాలూ తేల్చుకోవచ్చు. కాని అవి రేపు అమరావతికే చేరినా, వాటి కథ చెప్పే నోరు మన ఇళ్ళలో లేకపోతే పిల్లలకు అక్కడా రెండు ఏనుగులే కనిపిస్తాయి. మన పిల్లలు తెలుగు చదవలేకపోతున్నారని ప్రతి సభలోనూ వాపోతున్నాము. చదవలేనివారు వినగలరు. నాలగిరి ముందు వారు ఎలా విన్నారో మేము కళ్ళారా చూశాము.

కనుక చదువరులకు ఒక మనవి. మ్యూజియానికి శుక్రవారం సెలవు, మిగతా రోజుల్లో ఒక పూట పిల్లవాణ్ణో, మనుమరాలినో వెంటబెట్టుకుని వెళ్ళండి. అన్నీ చూపవద్దు. ఒకే ఒక పలక ముందు నిలబడి, దాని కథ మీ మాటల్లో చెప్పండి. కథ తెలియకపోతే ముందురోజు రాత్రి చదువుకోండి. మేము కూడా అలాగే చదువుకుని, వచ్చే నెల మళ్ళీ వెళ్ళబోతున్నాము.