దగ్గుకి బిళ్లిస్తారు, దుమ్ముకి ఏటిస్తారు?

విశాఖ పోర్టుకో, స్టీల్ ప్లాంటుకో కాంట్రాక్టు పనికెళ్లిన కుర్రోళ్లు పండక్కి ఊరొస్తే దగ్గుతూనే వస్తారు. ఆరెంపీ అజిత్రోమైసిన్ మూడు బిళ్లలు చేతిలో పెడతాడు. వారంలో రొంప తగ్గుతాది. బిళ్లే తగ్గించిందని అందరూ అనుకుంటారు.

కాదు తమ్ముళ్లూ, చెల్లెళ్లూ. రొంప, గొంతునొప్పి, ఫ్లూ ఎక్కువగా వైరస్ వల్లే వస్తాయి. యాంటీబయాటిక్ బ్యాక్టీరియాని చంపుతాది గానీ వైరస్‌ని ఏటీ చెయ్యలేదు. 2023 మార్చిలో హెచ్3ఎన్2 ఫ్లూ ముసురుకున్నప్పుడు ఇండియన్ మెడికల్ అసోసియేషన్ కూడా ఇదే చెప్పింది: జ్వరం మూడు రోజుల్లో పోతాది, దగ్గు మూడు వారాల దాకా ఉండొచ్చు, యాంటీబయాటిక్ వద్దు అని. జ్వరానికి పారాసిటమాల్, గోరువెచ్చటి నీళ్లు, విశ్రాంతి చాలు. ఊరికే బిళ్లలు మింగుతూ పోతే, నిజంగా నిమోనియా వచ్చిన రోజున అవి పనిచెయ్యకపోవచ్చు.

మరెప్పుడు పరిగెత్తాలి? గుంటడు ఏడవకుండా ఉన్నప్పుడు చొక్కా ఎత్తి, ఫోన్లో టైమ్ చూసుకుని నిమిషం పాటు ఊపిరి లెక్కెట్టండి. రెండు నెలల లోపు బిడ్డకి 60, ఏడాది లోపు 50, ఐదేళ్ల లోపు 40 గానీ, అంతకు మించి గానీ ఉంటే నిమోనియా అనుమానించాలి, ఆ రోజే డాక్టరుకి చూపించాలి. డొక్కలెగరేస్తన్నా, పాలు తాగకపోయినా, పెదాలు నీలమైనా వెంటనే 108కి ఫోన్ కొట్టండి. పెద్దోళ్లకి ఆయాసమొచ్చినా, కళ్లెలో నెత్తురు పడినా ఆగొద్దు. దగ్గు రెండు వారాలు దాటితే కళ్లె పరీక్ష చేయించండి. టీబీకి పరీక్ష, మందులు సర్కారు ఆసుపత్రిలో ఉచితం. విశాఖలోనైతే పెదవాల్తేరులో ఛాతీ ఆసుపత్రి ఉంది.

ఇంతవరకూ రోగం మాట. ఇక దుమ్ము మాట. మన ఊపిరి గొట్టాల్లో సన్నటి నూగు ఉంటాది. అది చీపురులాగా కళ్లెని, క్రిముల్ని బయటికి ఊడుస్తాది. దుమ్ము, పొగ ఆ చీపురుని పాడుచేస్తాయి. అందుకే ఒకసారి తగ్గిన దగ్గు మళ్లీ మళ్లీ వస్తంది. పోర్టు బొగ్గు దుమ్ము గురించి వన్‌టౌన్, జ్ఞానాపురం జనం ఏళ్ల తరబడి మొరపెడతన్నారు. 2019లో కేంద్రం పెట్టిన స్వచ్ఛ వాయు పథకం జాబితాలో విశాఖని చేర్చారు. గాలి బాగుందని కాదు, హద్దు దాటిందని. ఆ హద్దయినా గట్టిదా? సన్నదుమ్ము ఏడాది సగటున ఘనమీటరుకి 40 మైక్రోగ్రాముల దాకా ఉండొచ్చని మన సర్కారు అంటంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది 5!

అందుకే డాక్టరు అడిగినా అడక్కపోయినా చెప్పండి: ఎక్కడ, ఏ పని, ఎన్నేళ్లుగా చేస్తన్నారో. దాన్ని చీటీ మీద రాయించుకుని దాచుకోండి. మంచి మాస్కు, బొగ్గు గుట్టల మీద టార్పాలిన్లు, రోజూ నీళ్లు చల్లడం, ఏడాదికోసారి ఊపిరితిత్తుల పరీక్ష కావాలని నలుగురూ కలిసి అడిగిన రోజున ఆ చీటీలే సాక్ష్యం. అవి లేకపోతే "చలికాలం దగ్గు" అనేసి పంపించేస్తారు.