ఇంట్లోనే ఐస్ రింక్.. ప్లాస్టిక్ పలకలపై హాకీ ప్రాక్టీస్ నిజంగా పనికొస్తుందా?

హాకీ అనగానే మనకు గుర్తొచ్చేది టర్ఫ్ గ్రౌండ్, ధ్యాన్‌చంద్, ఒలింపిక్ పతకాలు. కానీ కెనడాలో హాకీ అంటే ఒక్కటే.. మంచు మీద ఆడేది. 1994లో అక్కడి పార్లమెంట్ చట్టం చేసి మరీ దీన్ని శీతాకాల జాతీయ క్రీడగా ప్రకటించింది. అక్కడ స్థిరపడ్డ మన తెలుగు కుటుంబాల పిల్లలు కూడా స్కూల్లో ఫ్రెండ్స్‌ను చూసి స్కేట్స్ కావాలని అడుగుతుంటారు. సరే అని కొనిస్తే, కొన్నాళ్లకు ఇంకో కోరిక.. "నాన్నా, బేస్‌మెంట్‌లో సింథటిక్ ఐస్ వేయిద్దాం!"

నీళ్లు అక్కర్లేదు. చలి అక్కర్లేదు. కరెంట్ అక్కర్లేదు. ప్లాస్టిక్ పలకలు పరిస్తే చాలు, ఇల్లే రింక్ అయిపోతుందని ప్రకటనలు ఊదరగొడుతున్నాయి. ఇంతకీ ఈ మాటల్లో నిజమెంత? వేల డాలర్లు పోస్తే పిల్లలకు దక్కేదేంటి, దక్కనిదేంటి? అసలు ఇంటికి ప్లాస్టిక్ మంచు తెచ్చుకోవాల్సిన అవసరం ఎందుకొచ్చింది?

పెరట్లో పైపు పెడితే రింక్.. అదంతా ఒకప్పటి మాట

ఐస్ హాకీ దిగ్గజం వేన్ గ్రెట్జ్‌కీ ఆట నేర్చుకున్నది ఏ పెద్ద స్టేడియంలోనో కాదు. ఒంటారియోలోని బ్రాంట్‌ఫర్డ్‌లో సొంత ఇంటి పెరట్లో. టెలిఫోన్ కంపెనీలో ఉద్యోగం చేసే తండ్రి వాల్టర్ చలికాలం రాగానే పెరట్లో నీళ్లు పట్టి గడ్డ కట్టించేవారు. అదే రింక్. అయిన ఖర్చు దాదాపు సున్నా.

ఇప్పుడు ఆ చలి మీదే భరోసా లేదు. ఒట్టావాలోని రిడో కెనాల్‌పై 7.8 కిలోమీటర్ల పొడవున ఏటా స్కేటింగ్ బాట ఏర్పాటు చేస్తారు. 1970-71లో మొదలైన ఈ బాట 2022-23 చలికాలంలో ఒక్కరోజు కూడా తెరుచుకోలేదు. మంచు చాలినంత మందం కట్టకపోవడమే కారణం. అలా జరగడం అదే మొదటిసారి. 1951 నుంచి 2005 వరకు ఉష్ణోగ్రతల రికార్డులను పరిశీలించి 2012లో ప్రచురించిన అధ్యయనం కూడా కెనడాలో చాలాచోట్ల ఆరుబయట స్కేటింగ్ రోజులు తగ్గిపోతున్నాయని తేల్చింది. విల్‌ఫ్రిడ్ లోరియర్ యూనివర్సిటీ పరిశోధకులైతే 2013లో 'రింక్‌వాచ్' పేరుతో ఓ కార్యక్రమమే ప్రారంభించారు. పెరట్లో రింక్ వేసుకునేవాళ్లు ఏ రోజు మంచు ఆడేలా ఉంది, ఏ రోజు లేదు అన్నది అందులో నమోదు చేస్తారు.

పెరడు కరిగిపోతే మిగిలింది ఇండోర్ రింక్. అక్కడ గంటకు ఇంత అని కట్టాలి. అందరికీ కావాల్సింది సాయంత్రం టైమే కాబట్టి, పిల్లల్ని తెల్లవారుజామునే లేపి తీసుకెళ్లే తల్లిదండ్రులు ఎందరో. దీనికి తోడు 2020 మార్చిలో కరోనాతో ఎన్‌హెచ్‌ఎల్ సీజన్ ఆగింది, రింక్‌లు మూతపడ్డాయి. ప్రాక్టీస్ ఇంటికే పరిమితమైంది. ఇంటి రింక్ ఆలోచన చాలామందికి అప్పుడే బలపడింది.

అసలేంటీ సింథటిక్ ఐస్?

మంచుకు బదులు ఇంకేదైనా వాడాలన్న ఆలోచన కొత్తదేం కాదు. 1840ల్లోనే లండన్‌లో పంది కొవ్వు, లవణాలు కలిపి నకిలీ మంచు తయారుచేశారు. ఆ వాసన భరించలేక జనం దూరమయ్యారు. 1960ల్లో ప్లాస్టిక్ పలకలు వచ్చాయి. అయితే వాటిపై స్కేట్ జారాలంటే తరచూ సిలికాన్ పూయాల్సి వచ్చేది.

ఇప్పుడు వాడుతున్నది పాలిథిలిన్. అదే కుటుంబంలో చాలా గట్టి రకం, అరుగుదలను తట్టుకునేది. కొన్ని పలకల్లో తయారీ సమయంలోనే జారుడు పదార్థం కలుపుతారు. పలకల అంచుల్ని ఒకదానిలో ఒకటి బిగిస్తే చాలు, నేల సిద్ధం. మామూలు స్టీల్ బ్లేడ్ స్కేట్స్‌తోనే దీనిపై తిరగొచ్చు.

మంచుకు, దీనికి తేడా ఎక్కడ?

మంచు ఉపరితలంపై నీటిలాంటి అతి పల్చని పొర ఉంటుంది. బ్లేడ్ రాపిడి వేడికి అది ఇంకాస్త జారుడుగా మారుతుంది. అందుకే ఒక్క తోపు తోస్తే చాలా దూరం సాగిపోతాం. ప్లాస్టిక్ అలా కరగదు. దానిపై రాపిడి అనేక రెట్లు ఎక్కువ. మంచు కంటే 10-15 శాతం ఎక్కువ శ్రమ పడుతుందని అమ్మకందారులే చెబుతుంటారు. కాళ్లకు మంచి వ్యాయామం అని దాన్నే ప్లస్ పాయింట్‌గా చూపిస్తారు.

అందులో కొంత నిజం లేకపోలేదు. మోకాళ్లు వంచి నిలబడటం, బ్లేడ్ అంచు మీద బరువు మోపడం, చిన్న మలుపులు, స్టిక్‌తో పక్‌ను అటూ ఇటూ ఆడించడం, గోల్‌లోకి షాట్ కొట్టడం.. ఇవన్నీ ప్లాస్టిక్ మీదా సాధన చేయొచ్చు. గోల్‌కీపర్లకైతే మరీ ఉపయోగం. వాళ్ల పనంతా కొద్ది అడుగుల జాగాలోనే కదా!

కానీ హాకీ అసలు మజా వేగంలో ఉంది. పొడవాటి అంగలు, తోపు తర్వాత జారుతూ సాగడం, పూర్తి వేగంలో ఒక్కసారిగా ఆగడం.. ఇవి ప్లాస్టిక్‌పై సరిగ్గా రావు. ప్రతి అడుగూ తోస్తూనే ఉండటం అలవాటైతే, మంచు మీదకు వెళ్లినప్పుడు టైమింగ్ మళ్లీ సరిచేసుకోవాల్సిందే.

85లో ఒక వంతు!

ఇప్పుడు లెక్కలు చూద్దాం. ఎన్‌హెచ్‌ఎల్ రింక్ 200 అడుగుల పొడవు, 85 అడుగుల వెడల్పు. అంటే 17 వేల చదరపు అడుగులు. ఇంట్లో ఓ గదిలో పట్టేది మహా అయితే 20 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు.. 200 చదరపు అడుగులు. అసలు రింక్‌లో 85వ వంతు! నాలుగు అంగలు వేస్తే గోడ వచ్చేస్తుంది.

ధర రకాన్ని బట్టి ఉంటుంది. చదరపు అడుగుకు సుమారు 10 నుంచి 25 డాలర్లు వేసుకున్నా, ఆ 200 అడుగులకు 2 వేల నుంచి 5 వేల డాలర్లు.  గోల్ నెట్, గోడలకు రక్షణ వీటికి అదనం. పక్ బరువు సుమారు 170 గ్రాములు. గట్టి రబ్బరు. గురి తప్పితే గోడకు చిల్లే!

ఇక్కడే ఇంకో విషయం గమనించాలి. షాట్లు కొట్టడానికి, పక్ ఆడించడానికి స్కేట్స్ తప్పనిసరి కాదు. బూట్లతో నిలబడి చిన్న ప్లాస్టిక్ షూటింగ్ బోర్డు మీద కూడా అదే సాధన చేయొచ్చు. అది ఒకటి రెండు వందల డాలర్లలో వస్తుంది. స్టార్ ప్లేయర్ సిడ్నీ క్రాస్బీ చిన్నప్పుడు నోవా స్కోషియాలోని తన ఇంటి బేస్‌మెంట్‌లో బట్టలారబెట్టే డ్రయ్యర్‌కు గురిపెట్టి కొట్టిన షాట్ల కథ అక్కడ అందరికీ తెలుసు. సొట్టలు పడ్డ ఆ డ్రయ్యర్‌ను ప్రదర్శనకు కూడా పెట్టారు. బేస్‌మెంట్ ఉంది, కసి ఉంది. సింథటిక్ ఐస్ మాత్రం లేదు.

కొనేముందు ఇవి చూసుకోండి

బ్లేడ్లు: మంచు మీద కంటే ప్లాస్టిక్‌పై త్వరగా మొద్దుబారతాయి. సానపట్టించే ఖర్చు పెరుగుతుంది. వీలైతే ఇంటికి వేరే జత బ్లేడ్లు ఉంచుకోవడం మేలు.

పొట్టు: బ్లేడ్ కోసిన చోటల్లా సన్నటి ప్లాస్టిక్ పొట్టు లేస్తుంది. దాన్ని వ్యాక్యూమ్‌తో తీసేస్తుండాలి. ఆరుబయట వేస్తే అది వానకు కొట్టుకుపోయి కాల్వల్లో మైక్రోప్లాస్టిక్‌గా మిగులుతుంది. కరెంట్ ఆదా అవుతుంది కాబట్టి పర్యావరణానికి మంచిదే అనే మాటకు ఇది రెండో వైపు.

ఎండ: పాలిథిలిన్ వేడికి బాగా సాగుతుంది. 20 అడుగుల నేల, 25 డిగ్రీల సెల్సియస్ తేడాకు సుమారు రెండు సెంటీమీటర్లు పెరుగుతుంది. గోడకు ఆనించి బిగిస్తే వేసవిలో ఉబ్బి లేస్తుంది. చుట్టూ ఖాళీ వదలాల్సిందే.

నేల: కింద కాంక్రీట్ సమతలంగా ఉండాలి. ఎగుడు దిగుడు ఉంటే అతుకుల దగ్గర బ్లేడ్ తట్టుకుని పిల్లలు పడతారు. పేరుకే ప్లాస్టిక్.. పడితే దెబ్బ గట్టిగానే తగులుతుంది. ఇంట్లోనే కదా అని హెల్మెట్ తీసేయకండి.

లద్దాఖ్ అమ్మాయిల మాటేంటి?

సింథటిక్ ఐస్ గొడవ మనకెందుకు అనుకోవద్దు. 2025 జూన్‌లో యూఏఈలో ముగిసిన మహిళల ఆసియా కప్‌లో భారత ఐస్ హాకీ జట్టు కాంస్యం గెలిచింది. ఈ జట్టులో ఎక్కువమంది లద్దాఖ్, హిమాచల్ కొండ ప్రాంతాల అమ్మాయిలే. గడ్డకట్టిన చెరువులపై ఆడి పెరిగినవాళ్లు. అక్కడ సహజ మంచు దొరికేది ఏడాదిలో రెండు మూడు నెలలే. డెహ్రాడూన్‌లో 2011లో కట్టిన హిమాద్రి ఐస్ రింక్ ఏళ్ల తరబడి మూతపడి, 2025లో మళ్లీ తెరుచుకుంది.

ఇలాంటి చోట ఊరి స్కూల్లోనో, కమ్యూనిటీ హాల్‌లోనో సింథటిక్ పలకలు వేస్తే మిగతా నెలల్లో పదుల మంది పిల్లలు స్కేట్స్ మీద నిలబడతారు. ఒక ఇంట్లో ఒక్క పిల్లాడు వాడేదాన్ని ఊరంతా వాడుకుంటుంది. అయితే అసలు రింక్‌కు ఇది తోడు మాత్రమే, ప్రత్యామ్నాయం కాదు. పలకలు వేశాం కదా అని రింక్‌ను పక్కనపెడితే నష్టపోయేది ఆ పిల్లలే.

చివరిగా.. కొనాలా వద్దా?

పిల్లలు ఇప్పుడిప్పుడే స్కేట్స్ కట్టుకుంటుంటే తొందరపడకండి. ఆ డబ్బుతో రింక్‌లో ఎన్నో గంటలు దొరుకుతాయి. పక్కన కోచ్ ఉంటారు, తోటి పిల్లలు ఉంటారు. నాలుగైదేళ్లుగా ఆడుతూ, వారానికి నాలుగు రోజులు రింక్‌కు వెళ్తున్నవాళ్లకైతే ఇంట్లో చిన్న సెటప్ పనికొస్తుంది. గోల్‌కీపర్ అయితే ఇంకా ఎక్కువ. మధ్యలో ఉన్నవాళ్లు ముందు షూటింగ్ బోర్డుతో మొదలుపెట్టి, ఆరు నెలల తర్వాత కూడా పిల్లలు రోజూ దాని మీదకు వెళ్తున్నారో లేదో చూసుకోండి.

గ్రెట్జ్‌కీ రోజుల్లో పెరటి రింక్‌కు కావాల్సింది చలి, ఓపిక ఉన్న తండ్రి. ఇప్పుడు చలి తగ్గిపోతోంది, ఆ స్థానంలోకి డబ్బు వచ్చి చేరుతోంది. కొనగలిగినవాళ్లు బేస్‌మెంట్‌లో ప్లాస్టిక్ పరుచుకుంటారు. కొనలేనివాళ్ల పిల్లల సంగతేంటి? ఊరుమ్మడి రింక్‌లు అందుబాటు ధరలో లేకపోతే, ఒక టెలిఫోన్ ఉద్యోగి కొడుకుని దిగ్గజంగా మార్చిన ఆట మెల్లగా డబ్బున్నవాళ్ల ఆటగా మిగిలిపోతుంది. కెనడా అయినా, లద్దాఖ్ అయినా అసలు ప్రశ్న ఇదే.