హెచ్‌ఆర్ చదువుకు అరకులోనూ పనుంది



డిగ్రీ ఫలితాలు వచ్చాయంటే మా అరకు ప్రాంతంలో ఇంటింటా ఒకటే లెక్క. బి.ఇడి. చేస్తే టీచరు, నర్సింగ్ చేస్తే ఆస్పత్రి ఉద్యోగం. మానవ వనరుల అభివృద్ధిలో పీజీ చేస్తానని ఎవరైనా అంటే పెద్దవాళ్లు ముందుగా అడిగేది, "ఆ చదువుకి ఇక్కడ కంపెనీ ఏదమ్మా?" అని. డుంబ్రిగుడ మండలం నుంచి మైదానానికి వెళ్లి ఒక కళాశాలలో ఆ పీజీ పూర్తిచేసినదాన్ని. నన్నూ అదే అడిగారు. నేను చెప్పదలిచింది ఒక్కటే. ఆ చదువు అవసరం విశాఖపట్నం కంటే మా ఏజెన్సీకే ఎక్కువ. అయితే ఇప్పుడు చెబుతున్న తీరులోనే చెబితే మాత్రం అది మాకు అక్కరకు రాదు.

ఈ చదువు ఫ్యాక్టరీ గేటు దగ్గర ఎదిగింది. 500 మంది, అంతకు మించి కార్మికులున్న ఫ్యాక్టరీలో సంక్షేమాధికారి ఉండాలని 1948 ఫ్యాక్టరీల చట్టం 49వ సెక్షన్ చెప్పింది. అలాంటి ఉద్యోగాలకు మనుషుల్ని తయారుచేసే కోర్సులు విశ్వవిద్యాలయాల్లో పెరిగాయి. 1975లో ఉదయ్ పరీక్, మన తెలుగువారైన టి.వి. రావు కలిసి లార్సెన్ అండ్ టూబ్రో సంస్థకు ప్రత్యేకంగా మానవ వనరుల అభివృద్ధి (హెచ్‌ఆర్‌డి) విభాగాన్ని రూపొందించారు. మనిషి మీద అజమాయిషీ ఒక్కటే చాలదు, పనిలో అతను ఎదిగే దారి కూడా సంస్థే చూపాలన్నది వాళ్ల ఆలోచన. 1985లో కేంద్రంలో మానవ వనరుల అభివృద్ధి శాఖ ఏర్పడితే తొలి మంత్రి పి.వి. నరసింహారావు. ఇంత తెలుగు సంబంధం ఉన్న చదువు ఇన్నేళ్లయినా ఘాట్ రోడ్డు ఎక్కలేదు. మా తరగతిలో ఉదాహరణలన్నీ ఉక్కు కర్మాగారం, ఓడరేవు, షిప్‌యార్డు. ప్రాజెక్టు వర్కులూ అక్కడే.

తోటల కార్మికుల చట్టం పాఠం విన్న రోజు మా కాఫీ తోటలు గుర్తొచ్చాయి. 1951 నాటి ఆ చట్టం, సవరణల తర్వాత కూడా, కనీసం ఐదు హెక్టార్లు, పదిహేను మంది పనివాళ్లు ఉన్న తోటనే తోటగా లెక్కించింది. మా దగ్గర ఒక్కో కుటుంబానికి ఉండేది ఎకరమో రెండెకరాలో. సిల్వర్ ఓక్ నీడలో కాఫీ, ఆ చెట్లకే పాకిన మిరియాల తీగ. రైతూ ఆ ఇంటి ఆడమనిషే, కూలీ ఆమే. కోత కాలంలో ఇవాళ వీళ్ల తోటకి వాళ్లు సాయం వస్తే, రేపు వాళ్ల తోటకి వీళ్లు వెళతారు. ఇలాంటి చోట యజమాని ఎవరు, ఉద్యోగి ఎవరు? నేను చదివిన ఏ పుస్తకమూ ఈ ప్రశ్న వేయలేదు. అయినా అరకు కాఫీకి 2018లో పారిస్‌లో ప్రి ఎపిక్యూర్ బంగారు పతకం వచ్చింది, 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. రెమ్మ మొత్తం దూసేయకుండా ఎర్రగా పండిన పండునే ఏరి కోయడం, కోసిన రోజే గుజ్జు తీయించడం లాంటివి ఊరూరా నేర్పితేనే ఆ నాణ్యత నిలిచింది. అక్షరం రాని అమ్మలకు కూడా తోటలోనే నిలబెట్టి, చేతికి పని నేర్పే ఇలాంటి శిక్షణను హెచ్‌ఆర్‌డి అనక ఇంకేమంటాం? దాన్ని పాఠంగా రాసినవాళ్లు లేరు.

ఇక బడుల సంగతి. నాకు ఎక్కువ బాధ కలిగించేది భాషా వాలంటీర్ల పరిస్థితి. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో మాతృభాష ఆధారంగా బహుభాషా విద్య మొదలైంది. కువి, ఆదివాసీ ఒడియా, కొండ, సవర సహా ఎనిమిది గిరిజన భాషల్లో చిన్న తరగతులకు పుస్తకాలు తెచ్చారు. ఇంట్లో కువి తప్ప మరో మాట వినని పిల్లను తెలుగు పాఠం దాకా చెయ్యి పట్టుకుని నడిపించేది ఈ వాలంటీర్లే. రెండు భాషలూ, రెండు ప్రపంచాలూ తెలిసినవాళ్లు దొరకడం కష్టం. ఏ సంస్థకైనా అలాంటి మనిషి దొరికితే వదులుకోదు. మన వ్యవస్థ మాత్రం విద్యా సంవత్సరం ముగియగానే వాళ్లను ఇంటికి పంపుతుంది. మళ్లీ రెన్యువల్ కోసం సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) ఆఫీసు ముందు వాళ్లు కూర్చోవాలి. ఇచ్చేది కొద్దిపాటి గౌరవ వేతనం. ఇన్నేళ్లు పనిచేసినా పదోన్నతి లేదు, శిక్షణకు సర్టిఫికెట్ లేదు, డి.ఎడ్. చదువుకు పంపే ఆలోచన లేదు. ఉద్యోగి ఎదుగుదలకు మెట్లు ఎలా కట్టాలో హెచ్‌ఆర్ పాఠ్యాంశంలో ఒక అధ్యాయమే ఉంటుంది. ఆ అధ్యాయం చదివినవాళ్లు ఒక్కరు ఈ వాలంటీర్ల ఫైలు దగ్గర ఉన్నా ఈ గతి పట్టేది కాదని నా నమ్మకం.

ఇక రెగ్యులర్ టీచర్ల విషయం. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్న జీవో 3 రెండువేల సంవత్సరంలో వచ్చింది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం దాన్ని కొట్టేసింది. ఆ హక్కు కోసం పోరాటం సాగాల్సిందే, మేమంతా అందులో ఉన్నాం. ఈలోగా మైదానం నుంచి వచ్చినవాళ్లు చేరిన నాటి నుంచే బదిలీ కోసం చూస్తుంటే పిల్లలు నష్టపోతున్నారు. కేంద్రం ఆధ్వర్యంలోని ఏకలవ్య గిరిజన గురుకుల పాఠశాలలకు 2023లో దేశమంతటికీ కలిపి ఒకే నియామకం చేపట్టారు. దానితో మన పిల్లల భాషే కాదు, తెలుగు కూడా రానివాళ్లు దక్షిణాది బడులకు వచ్చారు. వచ్చినవాళ్లది తప్పని అనను. ఇల్లు దొరకని చోట, మాట కలవని చోట ఎవరుంటారు? చేరిన మొదటి నెలలోనే స్థానిక భాష నేర్పి, ఊరివాళ్లకు పరిచయం చేసి, ఉండటానికి వసతి చూపే ఏర్పాటు లేకుండా నియామకం ఒక్కటే చేస్తే సరిపోదు.

చిన్న విషయంలా కనిపించేది ఇంకొకటి చెబుతాను. చైత్రంలో మాకు ఇటుకల పండగ. మగవాళ్లు వేటకు పోతారు, ఆడవాళ్లు దారికి అడ్డంగా నిలబడి చందాలు అడుగుతారు, ఆ రోజుల్లో పొలం పని ఆగిపోతుంది. సెలవుల జాబితా రాసేవాళ్లకు ఈ పండగ తెలియదు. పనికి రాలేదని గైరుహాజరు వేస్తారు. ఆశ్రమ పాఠశాలల్లోని కుక్‌లు, కమాటీలు (సహాయకులు), వాచ్‌మన్‌లలో చాలామందికి తమ జీతంలో పీఎఫ్ ఎంత కోస్తున్నారో, అది ఎక్కడికి పోతుందో చెప్పినవాళ్లు లేరు. రిసార్టుల్లో పనిచేసే మా పిల్లలకు నియామక పత్రం అంటే ఏమిటో తెలియదు.

ఈ చదువు అవసరం ఇక్కడే ఉందంటే, "చదువుకున్న పిల్లల్ని మళ్లీ కొండకే కట్టేస్తారా?" అని మావాళ్లే అడుగుతారు. ఆ భయం న్యాయమైనదే. నేను అడుగుతున్నది కట్టేయమని కాదు. ఈ పట్టా చేతిలో ఉన్నవాళ్లు హైదరాబాద్ వెళ్లి ఆస్పత్రిలోనో హోటల్లోనో ఉద్యోగం చేసుకోవచ్చు. తిరిగి రావాలనుకుంటే ఇక్కడ కూడా కుర్చీ ఉండాలన్నదే నా మాట. ముందు ఆ పట్టా అందాలి కదా. 2020 డిసెంబరులో వచ్చిన జీవో 77 ప్రైవేటు కళాశాలల్లో పీజీ చదివేవారికి ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆపేసింది. ఆ జీవో వచ్చాక ముంచంగిపుట్టు, పెదబయలు మండలాల పిల్లలకు ప్రభుత్వ సీటే దిక్కయింది. విశ్వవిద్యాలయంలో సీటు, దానితో హాస్టల్ దొరక్కపోతే ఆడపిల్లల చదువు డిగ్రీతోనే ఆగిపోతోంది.

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎం.హెచ్.ఆర్.ఎం. ఉంది. విజయనగరంలో 2019 నుంచి కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం నడుస్తోంది. ఈ రెండు చోట్లా మానవ వనరులు చదివే ప్రతి విద్యార్థీ, గిరిజనుడైనా కాకపోయినా, ఒక ప్రాజెక్టు ఏజెన్సీలో చేయాలని నియమం పెట్టాలి. 1956 నుంచి ఉన్న గిరిజన సహకార సంస్థ ప్రధాన కార్యాలయం విశాఖలోనే ఉంది కాబట్టి ఆ సంస్థతో మొదలుపెట్టడం కష్టం కాదు. అరకు ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో ఈ పీజీ తెరవాలి. పాడేరు ఐటీడీఏ తన కింద పనిచేసే కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ సిబ్బంది బాగోగులు చూడటానికి ఈ చదువు చదివిన స్థానికులను నియమించాలి. పాఠ్యప్రణాళిక ఖరారు చేసే ఆచార్యులు నవంబరు, జనవరి మధ్య కాఫీ కోత కాలంలో ఒకసారి మా వైపు రావాలని కోరుతున్నాను. భాషా వాలంటీర్లను, కమాటీలను, కోతకు వెళ్లే అమ్మలను ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడించే పని, వాళ్ల మాటను తెలుగు చేసి చెప్పే పని మేం చూసుకుంటాం.

ఇట్లు
ఒక పాఠకురాలు,
డుంబ్రిగుడ మండలం, అల్లూరి సీతారామరాజు జిల్లా