కథ వాళ్లది, జంట మనది

మొన్న గురువారం పొద్దున్నే మా రెండో వదిన ఫోన్ చేసింది. గొంతు బొంగురుపోయి ఉంది.

"రాత్రి పొయ్యి వెలిగించలేదే అమ్మాయ్. మీ అన్నయ్య అటుకుల్లో పెరుగు కలుపుకుని తిన్నారు పాపం. పచ్చటి సంసారం, నిలువునా చీల్చేశారు. వాళ్లకి చేతులెలా వచ్చాయో!" అంది.

నాకు గుండె ఝల్లుమంది. వాళ్లమ్మాయికి పెళ్లయి ఏడాదైనా కాలేదు. చేతిలో గరిట చేతిలోనే ఉండిపోయింది. "ఎవరి సంసారం వదినా? సరిగ్గా చెప్పు" అన్నాను భయం భయంగా. తీరా చూస్తే అది టీవీ సీరియల్లో జంట! నాలుగేళ్లుగా అన్యోన్యంగా ఉన్న ఆ మొగుడూ పెళ్లాల్ని రాసేవాళ్లు ఒక్క వారంలో విడగొట్టేశారట. అంత నెమ్మదైన కుర్రాడి చేత పెళ్లాన్ని అనుమానించే మాటలు అనిపించారట. పైగా అతనికి ఇంకో పెళ్లి కూడానట.

నేను ఫక్కున నవ్వేశాను. అవతల ఫోన్ కట్. ఈలోగా ఇవతల నా పోపు మాడిపోయింది. తగిన శాస్తే అనుకోండి.

మాడిన మూకుడు తోముకుంటూ ఆలోచిస్తే నా నవ్వు నాకే నచ్చలేదు. నాలుగేళ్లపాటు రోజూ సాయంత్రం, చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూనో, బట్టలు మడతపెడుతూనో ఆ ఇద్దర్నీ చూసింది మా వదిన. మేనత్త కొడుకుల్ని ఏడాదికోసారి చూస్తాం, వీళ్లని వారానికి ఆరు రోజులు చూస్తాం. రాసేవాళ్లు రోజుకి పావుగంట కథ రాస్తారు. ఆ జంట మిగతా రోజంతా ఎలా ఉంటారో, ఏం వండుకుంటారో, దేనికి అలుగుతారో, అదంతా ఊహించి నింపింది మా వదినే కదా! అంటే ఆ సంసారంలో సగానికి పైగా ఆవిడ కట్టిందే. కట్టినదాన్ని ఎవరో వచ్చి కూలగొడితే అన్నం సయిస్తుందా చెప్పండి?

ఈ బాధ టీవీలతో పుట్టిందేమీ కాదు. అమెరికాలో లూయిసా మే ఆల్కాట్ అనే రచయిత్రి 1868లో 'లిటిల్ విమెన్' అనే నవల మొదటి భాగం ప్రచురించింది. నలుగురు అక్కచెల్లెళ్ల కథ. రెండో అమ్మాయి పేరు జో. మహా చలాకీ, పెద్దయ్యాక రచయిత్రి కావాలని ఆశ. పక్కింటి కుర్రాడు లారీకి ఆమె అంటే ప్రాణం. చదివిన ఆడపిల్లలందరూ ఆ ఇద్దరికీ మనసులోనే పెళ్లి చేసేసి, ఇక శుభలేఖ వేయడమే తరువాయి అన్నట్టు రచయిత్రికి ఉత్తరాలు రాశారు. ఆవిడకి చిర్రెత్తుకొచ్చింది. ఎవరినో సంతోషపెట్టడానికి జోని లారీకిచ్చి చెయ్యనుగాక చెయ్యనని డైరీలో రాసుకుంది. అన్నంత పనీ చేసింది. 1869లో వచ్చిన రెండో భాగంలో జో లారీని కాదంది. లారీ ఆమె ఆఖరి చెల్లెలు ఏమీని చేసుకున్నాడు. జోకేమో తనకంటే బాగా పెద్దవాడైన ఓ జర్మన్ ప్రొఫెసర్ దొరికాడు!

నూట యాభై ఏళ్లు దాటినా ఆ పెళ్లి ఒప్పుకోని పాఠకులు ఇంకా ఉన్నారు. 2019లో వచ్చిన సినిమాలో ఆ తగువునే కథలో కలిపేశారు. నా కథలో అమ్మాయి పెళ్లి చేసుకోదని రచయిత్రి అంటుంది, చేసుకోకపోతే పుస్తకం అమ్ముడుపోదని ప్రచురణకర్త అంటాడు. ఆల్కాట్ మాత్రం జీవితాంతం పెళ్లి చేసుకోలేదు.

అందరు రచయితలూ అంత పట్టుదల మనుషులు కారనుకోండి. ఇంగ్లండులో చార్లెస్ డికెన్స్ అంతటివాడు 1861లో 'గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్' ముగింపులో ముందు నాయికా నాయకుల్ని విడదీసి, తోటి రచయిత ఒకాయన చెప్పిన మీదట మళ్లీ కలిసేటట్టు మార్చి రాశాడు. కాబట్టి మొదటి దారి రచయితని బతిమాలుకోవడం. వింటే మన అదృష్టం.

మా మామ్మకి ఆ దారి లేదు. ఆవిడ రచయిత వాల్మీకి మరి!

ఏటా శ్రీరామనవమికి మా మామ్మ తొమ్మిది రోజులు రామాయణం చదివేది. వీధరుగు మీద ఇరుగమ్మా పొరుగమ్మా చేరి వినేవాళ్లు. పట్టాభిషేకం సర్గ రాగానే కొబ్బరికాయ కొట్టి, పానకం, వడపప్పు పంచి, పుస్తకానికి పసుపు గుడ్డ చుట్టి బీరువాలో పెట్టేసేది. "తర్వాత ఏమైంది మామ్మా?" అని అడిగేవాళ్లం. "ఏమవుతుంది? అందరూ అన్నాలు తిని పడుకున్నారు" అనేది. ఆ పుస్తకం చివర ఉత్తరకాండ ఉందని, అందులో నిండు చూలాలైన సీతమ్మని అడవిలో దింపి వచ్చారని నాకు చాలా ఏళ్లకి గానీ తెలియలేదు. ఆ కాగితాలు మడత నలక్కుండా కొత్తవాటిలా ఉండేవి.

సీతారాములు మనకి దేవుళ్లు. వాళ్లని సీరియల్ జంటతో పోల్చడం నా ఉద్దేశం కాదు. కానీ సీతమ్మని దేవతగా పూజిస్తూనే, ఇంటి ఆడపడుచులా చూసి కడుపు తరుక్కుపోవడం మన ఆడవాళ్లకి అలవాటు. ఆ కడుపుకోతకి మా మామ్మ కనిపెట్టుకున్న మందు పుస్తకం మూసెయ్యడం. ఇది రెండో దారి.

ఇదేదో చదువురాని చాదస్తం అనుకోకండి. వాల్మీకి రామాయణంలోనే యుద్ధకాండ చివర ఫలశ్రుతి ఉంది. ఇది చదివినవాళ్లకి ఈ పుణ్యం అని చెప్పేశాక ఇంక కథేమిటి? ఉత్తరకాండ తర్వాత చేరిందని చాలామంది పండితుల అభిప్రాయం. మన మొల్ల పట్టాభిషేకంతోనే ఆపింది. తిక్కనగారు ఉత్తర రామాయణాన్నే కావ్యంగా రాసినా, రాముడి నిర్యాణం దగ్గరికి వచ్చేసరికి ఆయనకీ కలం సాగలేదు. ఆ భాగం తర్వాత జయంతి రామభట్టు పూర్తి చెయ్యాల్సొచ్చింది. కవిబ్రహ్మ ఆగినచోటు వేరు కావచ్చు, మా మామ్మ ఆగినచోటు వేరు కావచ్చు. ఆగాలనిపించడం మాత్రం ఒకటే.

మూడో దారి అన్నిటికంటే ధైర్యమైనది. నచ్చని కథని మళ్లీ చెప్పుకోవడం. ఎనిమిదో శతాబ్దంలో భవభూతి అనే కవి సంస్కృతంలో 'ఉత్తరరామచరితం' అనే నాటకం రాశాడు. అందులో మూడో అంకం ఉంది చూడండి, అది ఆడవాళ్ల మనసు తెలిసినవాడు రాసిందే. అడవిలో సీత ఎవరికీ కనిపించకుండా తిరుగుతూ ఉంటుంది. రాముడు అక్కడికి వచ్చి ఆమెని తలుచుకుని కుప్పకూలిపోతాడు. తను లేనప్పుడు ఆయన పడే బాధ ఆవిడ కళ్లారా చూస్తుంది. విడిపోయిన ఏ ఇల్లాలికైనా తెలుసుకోవాలని ఉండే సంగతి అదే కదండీ, నేను లేకపోతే ఈయనకేమైనా అనిపించిందా అని! చివరికి భవభూతి ఇద్దర్నీ కలిపేశాడు. కలిపే ముందు ఒక పని చేయించాడు. అరుంధతి చేత అయోధ్య ప్రజల్ని మందలింపజేసి, నిందలు వేసిన నోళ్లున్న ఆ జనం చేతే సీతకి మొక్కించాడు. ఊరికే కలపలేదన్నమాట.

మన 'లవకుశ' సినిమా 1963లో వచ్చింది. అంజలీదేవి సీత భూమిలోకి వెళ్లిపోతుంటే హాలు హాలంతా వెక్కివెక్కి ఏడ్చేది. అయినా జనం బళ్లు కట్టుకుని మళ్లీ మళ్లీ వెళ్లారు. నలుగురితో కలిసి మనసారా ఏడవడం కూడా ఓ మందే కాబోలు.

కవులకి కావ్యాలుంటే మన ఆడవాళ్లకి పాటలున్నాయి. వీటి మీద వెల్చేరు నారాయణరావు గారి వ్యాసం 1991లో ఇంగ్లీషులో అచ్చయింది కూడా. వాల్మీకి ఊర్మిళ గురించి చెప్పింది బహు తక్కువ. పెళ్లికూతుర్ని చేశాడు, తర్వాత ఇంచుమించు మర్చిపోయాడు. లక్ష్మణుడు పద్నాలుగేళ్లు అన్న వెంట వెళ్లిపోతే ఆ పిల్ల గతేమిటి? మగవాళ్లకి రాని ఈ అనుమానం ఆడవాళ్లకి వచ్చింది. 'ఊర్మిళాదేవి నిద్ర' అనే పాట కట్టారు. భర్త వెళ్లిన నాటి నుంచి ఊర్మిళ నిద్రపోతూనే ఉంటుంది. ఆయన తిరిగివచ్చి పక్కన కూర్చుంటే గుర్తుపట్టదు. పరాయివాడనుకుని హడలిపోయి, పరస్త్రీల జోలికి వెళ్లిన ఇంద్రుడేమయ్యాడో, రావణుడేమయ్యాడో చెప్పి గడ్డిపెడుతుంది. తర్వాత ఆయన ఎవరో తెలుసుకుంటుంది, ఇద్దరూ కలుస్తారు.

ఈ పాట మా పిన్ని చాలా బాగా పాడేది. పేరంటాల్లో అడిగి మరీ పాడించుకునేవాళ్లు.

1978లో మా బాబాయ్ ఉద్యోగం పేరు చెప్పి ఉత్తరాదికి వెళ్లారు. ఐదేళ్లు ఉత్తరం ముక్క లేదు, పైసా పంపలేదు. పిన్ని మిషను కుట్టి ఇద్దరు పిల్లల్ని పెంచింది. 1983 సంక్రాంతికి ఆయన చేతిసంచితో గుమ్మంలో దిగారు. ఇంకేముంది, ఇల్లంతా పండగే! "పోనీలే, జంట కలిసింది. సీతారాముల్లా ఉండేవాళ్లు, ఏ కళ్లు పడ్డాయో" అన్నారు. పిన్ని చేత బొబ్బట్లు చేయించారు, కొత్త చీర కట్టించారు. ఐదేళ్లు ఎక్కడున్నావని ఆయన్ని గట్టిగా అడిగినవాళ్లు లేరు. నీకెలా ఉందని ఆవిడని అడిగినవాళ్లూ లేరు. అందరికీ ఆ జంట అంటే ఇష్టం. కథ సుఖాంతం కావాలి, అంతే.

కనుమ నాడు రాత్రి ఆడవాళ్లం అందరం పెరటి వసారాలో చేరాం. మగవాళ్లు అవతల వీధరుగు మీద ఉన్నారు. "ఊర్మిళ పాట పాడవే, సందర్భంగా ఉంటుంది" అంది మా పెద్దత్త. పిన్ని పాడింది. ఊర్మిళ ఉలిక్కిపడి లేచి, నువ్వెవరని నిలదీసే చోటు దాకా వచ్చింది. అక్కడ ఆపేసింది. గొంతు పట్టేసిందేమోనని మా అమ్మ మంచినీళ్లిచ్చింది. తాగి, గ్లాసు పక్కన పెట్టి, "ఇవాళ్టికి ఇంతే" అని లేచి వెళ్లిపోయింది. వీధరుగు మీద మాటలు కూడా ఆగిపోయాయి.

బాబాయ్ ఆమెతో ఎప్పుడు ఏం మాట్లాడారో, ఎన్నాళ్లు మాట్లాడారో మాకెవరికీ తెలియదు. మర్నాటి నుంచి ఆయన పక్క వసారాలో వేసుకున్నారు, ఎవరూ నోరెత్తలేదు. ఆ పాట మిగతా సగం పిన్ని నోట మళ్లీ విన్నది 1986లో, మా అక్క పెళ్లిలో. మూడేళ్లు పట్టిందన్నమాట.

అప్పటినుంచి ఏ కథలోనైనా జంట విడిపోతే, కలపండి మహాప్రభో అనే ముందు నేనో ప్రశ్న వేసుకుంటాను. కలవాలని నేను కోరుకుంటున్నాను సరే, అందుకు ఎవర్ని తగ్గమంటున్నాను? భవభూతి తగ్గమన్నది ఊరి జనాన్ని. పేరంటాలు పాటలో ముందు నిలదీత పెట్టారు, తర్వాతే కలయిక. ఓల్గా గారి 'విముక్త'లో ఊర్మిళ అసలు నిద్రే పోదు, తలుపులు మూసుకుని ఒంటరిగా ఆలోచించి తన సంగతి తను తేల్చుకుంటుంది. ఆ పుస్తకానికి 2015లో కేంద్ర సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చింది. ఒక్క ఊర్మిళకి ఇన్ని ముగింపులు ఎందుకొచ్చాయంటే, వినేవాళ్ల ఇళ్లలో ఇన్ని రకాల ఊర్మిళలు ఉన్నారు కనక.

నిన్న మధ్యాహ్నం వదిన ఇంటికి వెళ్లాను. అరిసెలు పట్టుకెళ్లానులెండి, తప్పు నాది కదా. సీరియల్ మానేసిందట. "మరి వాళ్లేమయ్యారు వదినా?" అన్నాను, ఈసారి నవ్వకుండా.

"ఏమవుతారు? ఆ అనుమానం మాటలు వాడు అనలేదు, అంతే. ఆ వారం నేను చూడలేదనుకున్నాను" అంది మొదట. కాసేపు ఊరుకుని, అరిసె విరిచి, మళ్లీ అంది: "లేదులే. అన్నాడు. కానీ అది పుట్టింటికి వెళ్లి బీఈడీ కట్టింది. వాడు ప్రతి ఆదివారం వచ్చి గుమ్మంలో నుంచుంటున్నాడు. ఇంకా లోపలికి రమ్మనలేదు."

"ఎప్పుడు రమ్మంటుంది?"

"దాని ఇష్టం. నీకెందుకంత తొందర?" అంది వదిన.

కాబట్టి అమ్మలూ, మీకు నచ్చిన జంటని ఎవరైనా పాడుచేస్తే బెంగపెట్టుకుని ఇంట్లోవాళ్లని అటుకులతో పడుకోబెట్టకండి. ఆ నటీనటుల్ని తిట్టకండి, వాళ్లు చెప్పమన్నది చెప్పేవాళ్లు. పుస్తకం ఎక్కడ మూయాలో మీకు తెలుసు. మూయబుద్ధి కాకపోతే మిగతా కథ మీరే చెప్పుకోండి. చెప్పేటప్పుడు మాత్రం ఆ పిల్లని కొంచెం తీరిగ్గా ఆలోచించుకోనివ్వండి.