అంకెలు చదివి దుర్భిణి కొనుడు

గురి నేర్వగోరు తిరుపతి, చిత్తూరు యువకులు తుపాకి దుర్భిణిని, అనగా రైఫిల్ స్కోపును, కొనబోవునపుడు హెచ్చు సంఖ్య గలదియే మేలైనదని భ్రమపడుట కెంతయో అవకాశము గలదు. తలిదండ్రుల కష్టార్జితము వ్యయమగు నీ బేరమున పెట్టెమీది బొమ్మను గాక లోపలి పత్రమును జూడవలయునని మేము మనవి చేయుచున్నాము.

మొదట ప్రయోజనమును విచారింపుడు. అంతర్జాతీయ నిబంధనల ననుసరించి జరుగు 10 మీటర్ల, 50 మీటర్ల రైఫిల్ పోటీలలో తుపాకికి దుర్భిణి బిగించుట నిషిద్ధము. అట్టి పోటీలకే సాధన చేయువారి కీ సొమ్ము వృథా. ఇక వేటయందురా, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము దానిని మాన్పినది. 1989లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర జాతీయోద్యానమున అనుమతి లేక ఆయుధముతో అడుగిడుటయే నేరము. కావున కాగితపు గురిని వినోదార్థము కొట్టువారే మిగిలిరి. మా సూచనలు వారికొరకే.

3-9×40 అనగా 3 రెట్లనుండి 9 రెట్లవరకు మార్చదగిన పెంపు, 40 మిల్లీమీటర్ల ముందు కటకము. కటకపు కొలతను పెంపుచే భాగింపగా కంటికందు వెలుగు వెడల్పు తేలును. 9 రెట్లకడ నది సుమారు 4.4 మి.మీ. 6-24×50 నందు 24 రెట్లకడ 2.1 మాత్రమే, సంధ్యవేళ ఆ పెంపున బొమ్మ మసకబారును. పెద్ద అంకెయే పెద్ద మేలు కాదనుట కింతకంటె నిదర్శన మేల?

కొలమానములు వేరైనచో పోలిక తప్పును. ఒకడు 100 గజములకడ 30 అడుగుల మేర కనబడుననును. వేరొకడు 100 మీటర్లకడ 10 మీటర్లనును. రెండును ఒకటియే! ఒకడు గాజు ముఖ మొక్కింటికి 99.5 శాతము వెలుగు సాగునని చాటును. మరియొకడు మొత్తముమీద 92 శాతమని వ్రాయును. లోపల 16 ముఖములున్నచో ఈ రెండు మాటలకును భేదము లేదు. గురి సవరించు మర యొక్కొక్క క్లిక్కునకు, పావు ఎం.ఓ.ఏ. అయినచో 100 మీటర్లకడ సుమారు 7 మి.మీ., 0.1 మిల్ అయినచో 10 మి.మీ. జరుగును. తుపాకి వెనుదన్నునపుడు కన్ను గాయపడకుండ ఎంత యెడముండవలెనో, హెచ్చు పెంపున అది తగ్గునో లేదో యడుగుడు. స్ప్రింగు గాలితుపాకి ముందువెనుకలకు రెండువైపుల గుదుపును. దానికి తాళునని తయారుదారు వ్రాసెనా, 10 మీటర్లకడ బొమ్మ స్ఫుటమగునా అని పరీక్షింపుడు.

కొనిన పిదప పత్రమును, రసీదును భద్రపరచుడు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము, అమ్మినవాడు ఢిల్లీలో నున్నను, కొన్నవాడు తాను నివసించు జిల్లాలోని కమిషనునందే 2 సంవత్సరములలోపల ఫిర్యాదు చేయవచ్చును. అచట వర్తకుని నోటిమాటకంటె అచ్చుపడిన అంకెయే బలమైన సాక్ష్యము. కావున రెండు పత్రములను ప్రక్కప్రక్కన బెట్టి, కొలతల నొకే మానమునకు మార్చి, యటుపిమ్మటనే సంచి విప్పుడు.